చిన్న కారుకు పెద్ద దీపాలు

మా మేనత్త ఓబుళమ్మ నా కారెక్కనని ఒట్టేసుకుని, దాదాపు ఏడాది నిలబెట్టుకుంది. కారణం నా డ్రైవింగ్ కాదు, నా కారు దీపాలు. నిరుడు మంత్రాలయం నుంచి కర్నూలుకు తిరిగి వస్తుంటే, ఎవరో రైతు సగం రోడ్డు మీద మొక్కజొన్నలు ఆరబోసి, పొద్దుగూకగానే నల్ల పట్టా కప్పి భోజనానికి వెళ్ళాడు. నల్ల రోడ్డు మీద నల్ల పట్టా నాకు కనిపించలేదు. కుప్ప మీదికి ఎక్కి కారు ఒక పక్కకు ఒరిగి ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ, అత్త ఒళ్ళో ఉన్న ప్రసాదమంతా సీట్ల కింద పడింది. "నీ కారు దీపాల కంటే మా దేవుని గూట్లో దీపం మేలు. మల్లా దీంట్లో ఎక్కితే నన్నడుగు" అని ఆవిడ అక్కడికక్కడే తేల్చేసింది. నాకు కోపం వచ్చింది, కానీ కాదనడానికి లేదు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఎనిమిదేళ్ళ పాత చిన్న కారు అది. ముందు దీపాల అద్దాలు కామెర్లు వచ్చినవాడి కళ్ళలా పచ్చబడిపోయాయి.

ఈ ఏడు అత్తకు మోకాళ్ళ నొప్పులు తగ్గాయి. తగ్గితే ఒంటిమిట్ట రాముడి దర్శనానికి వస్తానని మొక్కుకుందట. బస్సులు మారి పోలేదు, నన్ను అడగడానికి ఒట్టు అడ్డం. చివరికి తనే ఒక దారి కనిపెట్టింది. "దీపాలు మార్పిచ్చుకో అబ్బోడా. దీపాలు మారితే అది యేరే కారే గదా. ఒట్టు పోదు" అన్నది. దేవుడితో బేరం ఆడగలిగిన మనిషికి నేనొక లెక్కా! అలా మొదలైంది ఈ ప్రయాణం. చిన్న కార్లకు అదనపు దీపాలు పెట్టించుకుని కర్నూలు, కడప వైపు తిరగాలనుకునేవాళ్ళు దీన్ని చివరిదాకా చదవండి. దారి సంగతులతో పాటు నాకు జరిగినది కూడా చెబుతాను.

బళ్ళారి చౌరస్తా దగ్గర ఒక సందులో మాబాషా అనే ఆటో ఎలక్ట్రీషియన్ ఉన్నాడు. బయలుదేరే రోజు పొద్దున్నే కారు అక్కడ పెట్టాను. రెండు గుండ్రటి ఎల్‌ఈడీ దీపాలు, బంపరు కింద వాటిని పట్టి ఉంచే ఇనుప క్లాంపులు, బ్యాటరీ నుంచి వైరు, మధ్యలో ఫ్యూజు, రిలే, స్టీరింగు పక్కన ఒక స్విచ్చి. మొత్తం నాలుగు వేల చిల్లర అయింది, నా వంతు వచ్చాక పనికి రెండు గంటలు పట్టింది. మాబాషా పనిమంతుడే గానీ గొప్పలకు కొదవలేదు. "ఇవి ఏసుకుంటే నంద్యాల యాడుండాదో ఈడ్నించే కనపడ్తాది సార్" అన్నాడు. హెడ్‌లైటుకు కలపమంటారా, వేరే స్విచ్చి పెట్టమంటారా అని అడిగాడు. హెడ్‌లైటుకు కలిపితే, మనం ఎదుటి బండి కోసం వెలుగు దించి డిప్పు కొట్టినప్పుడు ఇవీ ఆరిపోతాయి. వేరే స్విచ్చి అయితే మనం ఆర్పేదాకా వెలుగుతూనే ఉంటాయి. వేరే స్విచ్చే కావాలన్నాను. "కరెక్టు సార్. మన లైటు, మన ఇష్టం" అని అతనూ తలూపాడు. దీపాలు ఎంత ఎత్తులో చూడాలో సరిచేసింది కూడా మిట్ట మధ్యాహ్నమే. ఎండకు అవి వెలుగుతున్నాయో లేదో చెయ్యి అడ్డం పెట్టి చూడాల్సి వచ్చింది. మాబాషా గొంతుక్కూచుని, ఒక కన్ను మూసి, "అందాజు సరిపాయ" అన్నాడు. నాకూ సరిపోయిందనే అనిపించింది.

ఇంటికి తీసుకురాగానే అత్త కారు చుట్టూ తిరిగి చూసి, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించింది. కడప దారిలో మైదుకూరు అవతల ఒక పల్లెలో ఆవిడ కూతురు, మా లక్ష్మి వదిన ఉంటుంది. రాత్రి అక్కడ పడుకుని మర్నాడు పొద్దున ఒంటిమిట్ట పోవాలని మా ఏర్పాటు. కూతురింటికి కదా, జొన్నల మూట, ఉల్లిగడ్డల మూట, బెల్లం డబ్బా, అన్నీ డిక్కీలోకి ఎక్కాయి. అత్త ఎప్పుడూ వెనక సీట్లోనే కూర్చుంటుంది. "ముందర కూచ్చుంటే రోడ్డంతా నా మీదికే వచ్చాది" అంటుంది. ఆవిడా మూటలూ ఎక్కేసరికి కారు వెనక భాగం కుంగి, ముక్కు పైకి లేచింది. "అత్తా, కారు మేఘాల్లోకి పోయేట్టుంది" అని నేను నవ్వాను. దాని అర్థమేమిటో అప్పుడు ఆలోచించలేదు.

భోజనాలయ్యాక బయలుదేరాం. కర్నూలు నుంచి నంద్యాలకు గంటంబావు పట్టింది. రోడ్డు నాలుగు వరసలది, బాగుంది, టోల్ చెల్లించడానికి ఫాస్టాగ్‌లో డబ్బులున్నాయో లేదో ముందే చూసుకోండి. నంద్యాల, ఆళ్ళగడ్డ దాటి చాగలమర్రి చేరేసరికి ఎండ పచ్చబడింది. అక్కడ రోడ్డు పక్క బండి మీద మిరపకాయ బజ్జీలు తిన్నాం. బండి ఆవిడ వేడి నూనెలోంచి తీసి, ఉల్లిపాయ ముక్కలు చల్లి, నిమ్మరసం పిండి ఇచ్చింది. చలికాలం సాయంత్రం ఆ బజ్జీకి సాటి లేదు. బజ్జీలు వేస్తున్న ఆవిడ నా కారు కేసి చూసి, "ఏమప్పా, యాటకు పోతాండారా?" అని అడిగింది. నాకు అర్థం కాలేదు. "కుందేళ్ళ యాటకు పోయేటోళ్ళే ఇట్లాంటి లైట్లు కట్టుకుంటారు. కండ్లల్లో కొడితే కుందేలు యాడిదాడనే నిలబడిపోతాది గదా. పరిగెత్తల్యాదు" అన్నది. మేం రాముడి గుడికి పోతున్నామని అత్త కొంచెం కోపంగానే చెప్పింది.

మైదుకూరు చేరేసరికి పూర్తిగా చీకటి పడింది. అక్కడ పెద్ద రోడ్డు వదిలి బ్రహ్మంగారిమఠం వైపు పోయే రెండు వరసల రోడ్డు పట్టుకోవాలి. వదిన వాళ్ళ పల్లె ఆ దారిలోనే, అరగంట ప్రయాణం. ఊరి దీపాలు వెనకబడగానే కొత్త స్విచ్చి నొక్కాను. నిజం చెప్పొద్దూ, ఒళ్ళు పులకరించింది. రోడ్డు మీద గులకరాయి కూడా దాని నీడతో సహా కనిపిస్తోంది. "అబ్బ! పట్టపగలు మాదిరి ఉండాది గదరా" అని అత్త కూడా మెచ్చుకుంది. ఆవిడ నోట మెప్పు వినడం నాకు అదే మొదలు. ఛాతీ పొంగింది.

ఆ పొంగు ఎంతో సేపు లేదు. కొంత దూరం పోయాక ఏదో తేడా తెలియసాగింది. రోడ్డు ఎంత తెల్లగా ఉంటే దానికి రెండు పక్కలా చీకటి అంత చిక్కగా ఉంది. మామూలు చీకట్లో కొండ ఎక్కడుందో, చేను ఎక్కడుందో లీలగానైనా తెలుస్తుంది. ఇప్పుడు వెలుగు అంచు దాటితే ఏమీ లేదు. ఆ అంచులోకి కంపచెట్లు ఒక్కసారిగా తెల్లగా వచ్చి నిలబడి, వాటి నీడలు మా వెనక్కి పరుగెత్తేవి. పొలాల చుట్టూ కంచెగా నిలువునా పాతిన కడప బండలు మనిషి ఎత్తున ఉంటాయి. అవి కూడా ఒకటొకటిగా వెలుగులోకి వచ్చి, మమ్మల్ని చూసి మళ్ళీ వెనక్కి తప్పుకున్నట్టు ఉండేది. రోడ్డు మీద మేం తప్ప ఒక్క బండి లేదు. ఎప్పుడూ ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండే అత్త మాటలు ఆపేసింది. నేను అద్దం పైకెత్తి రేడియో పెట్టాను. గరగర తప్ప ఏమీ రాలేదు. తీసేశాను.

అప్పుడు దూరంగా ఒక దీపం కనిపించింది. ఒక్కటే. పచ్చగా, చిన్నగా, అటూ ఇటూ ఊగుతూ మా వైపు వస్తోంది. మోటార్ సైకిలనుకుని అలవాటుగా డిప్పు కొట్టాను. పాత హెడ్‌లైట్లు కిందికి దిగాయి. బంపరు కింది కొత్త దీపాలకు వేరే స్విచ్చి ఉందన్న సంగతి నా చేతికి ఇంకా అలవాటు కాలేదు. అవి అలాగే వెలుగుతున్నాయి. ఎదుటి దీపం ఒకసారి ఎడమకు ఊగింది, కుడికి ఊగింది, ఆరిపోయింది. మమ్మల్ని దాటి పోలేదు. ఆరిపోయింది, అంతే. మేం ఆ చోటికి వచ్చాం. రోడ్డు కింద వంక నీళ్ళు పోయే చిన్న మోరీ, దానికి రెండు పక్కలా నడుమెత్తు కంప. పక్క దారి లేదు, గుడిసె లేదు, మనిషి లేడు.

నేను వేగం తగ్గించాను. "అత్తా, ఆ బండి యాటికి పాయ?"

"ఆపాకు" అన్నది అత్త. ఆవిడ గొంతు అంత చిన్నగా ఉండటం నేనెప్పుడూ వినలేదు. "బండి కాదురా అది. కొరివి. కొరివి దెయ్యం అంతే. దూరం నుంచి దీపం చూపిచ్చాది, దగ్గరికి పోతే ఆరిపోతాది. ఎంట పోయినోడు ఇల్లు చేరడు. తిరిగి చూడాకు. పోనీ."

నేను పట్నంలో ఉద్యోగం చేసుకుంటున్నవాణ్ణి, దెయ్యాల్లేవని పదిమందికి చెప్పేవాణ్ణి. అయినా మెడ వెనక వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. తిరిగి చూడలేదు. రెండో గేరులోంచి మూడుకు వేస్తుండగా కారు కింద టకటకమని చప్పుడు మొదలైంది. ముందున్న వెలుగు రోడ్డు మీద ఎగిరెగిరి పడుతోంది. ఎడమ దీపం క్లాంపు బోల్టు వదులైంది. అలాగే పోతే దీపం ఊడి చక్రం కింద పడుతుంది. ఇష్టం లేకపోయినా ఆపక తప్పలేదు. ఇంజన్ ఆపి, దీపాలు వెలుగుతుండగానే స్పానర్ తీసుకుని దిగాను.

ఇంజన్ ఆగితే తెలిసింది అక్కడ ఎంత నిశ్శబ్దంగా ఉందో. నేను బంపరు ముందు మోకాళ్ళ మీద కూర్చుని బోల్టు వెతుక్కుంటున్నాను. అప్పుడు వెనక నుంచి, మేం దాటి వచ్చిన మోరీ వైపు నుంచి, నేలలోంచి వచ్చినట్టు ఒక గొంతు వినిపించింది.

"ఓ... అప్పా..."

నేను "ఎవరూ" అనబోయాను. కారులోంచి అత్త తల బయట పెట్టి, "పలకాకు! పలకాకురా!" అన్నది. "ఒక్క తూరి పిలిచ్చే పలక్కూడదు. మనిషయితే మూడు తూర్లు పిలుచ్చాడు. దెయ్యమైతే మూడో తూరి పిలవదు. గమ్మునుండు."

చిన్నప్పుడు పొద్దుగూకాక వీధి తలుపు దగ్గర ఎవరైనా పిలిస్తే మా ఇంట్లో అందరూ ఇలాగే ఆగేవాళ్ళు. మూడోసారి పిలిచాకే గడియ తీసేవాళ్ళు. సీమలో ఇది తెలియని ఇల్లు ఉండదు. నేను స్పానర్ పట్టుకుని అలాగే ఉండిపోయాను. మళ్ళీ పిలిచింది, ఈసారి ఇంకా సన్నగా.

"అప్పా... ఎవురప్పా ఆడ..."

"రెండు" అన్నది అత్త.

మూడో పిలుపు కోసం ఎదురుచూశాం. పిలవాలని నేను లోపల ఎంత కోరుకున్నానో చెప్పలేను. పిలిస్తే అది మనిషి, పిలిస్తే నేను పలకొచ్చు. వెలుగులోకి పురుగులు వచ్చి తిరుగుతున్నాయి. ఎక్కడో కంపలో ఏదో కదిలి ఆగింది. మూడో పిలుపు రాలేదు. "నేను చెప్పలా?" అన్నది అత్త, ఏడుపు గొంతుతో. "ఎక్కరా నాయనా. ఎక్కు." బోల్టు చేత్తోనే బిగించి కారెక్కి తాళం తిప్పాను. ఇంజన్ అందుకోలేదు. ఇంజన్ ఆపి దీపాలు వెలిగించి ఉంచడంతో పాత బ్యాటరీ నీరసించింది. అది కొంచెం తేరుకోవాలంటే దీపాలన్నీ ఆర్పాలి. ఆ చోట దీపాలు ఆర్పడానికి నా చెయ్యి రాలేదు. అయినా ఆర్పాను.

మొదట ఏమీ కనిపించలేదు. కాసేపటికి చుక్కలు తెలిశాయి, తర్వాత కొండ అంచు, తర్వాత రోడ్డు ఒక బూడిదరంగు గీతలాగా. తర్వాత, నా పక్క అద్దంలో, మోరీ దగ్గర కంపలో ఒక ఎర్ర చుక్క. కదలడం లేదు. అంతసేపూ అది అక్కడే ఉండి ఉంటుంది, మా వెలుగు ముందు దాన్ని చూసే కళ్ళు మాకు లేవు. కొరివి దెయ్యానికి వెనక ఎర్ర లైటు ఉంటుందని మా అత్త ఏ కథలోనూ చెప్పలేదు. "అత్తా, అది బండి" అన్నాను. ఫోన్‌లో టార్చి వేసుకుని దిగాను. ఆవిడ వద్దంటూనే ఉంది. నేను మోరీ దగ్గరికి చేరేసరికి ఆవిడ గొంతు వెనక నుంచి గట్టిగా వినిపించింది. "కాళ్ళు చూడు అబ్బోడా! ముందు కాళ్ళు చూడు!" దెయ్యాల పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయంటారు, అందుకు.

టార్చి కిందికి వేశాను. వంక ఎండిపోయి ఉంది. మోటార్ సైకిల్ ముక్కు మట్టిలో దిగబడి, వెనక చక్రం పైకి లేచి ఉంది. దాని కింద తెల్ల పంచె. పంచెలోంచి ఒక కాలు. ఆ కాలి పాదం వెనక్కి తిరిగి ఉంది.

నేను పరుగెత్తాను. సిగ్గుపడకుండా చెబుతున్నాను, నాలుగడుగులు వెనక్కి పరుగెత్తాను. అప్పుడు ఆ పంచె కింది నుంచి మూలుగు వినిపించింది. "కాలు... నా కాలు..." దెయ్యమైతే కాలు నొప్పని ఏడవదు కదా. వెనక్కి వచ్చి కిందికి దిగాను. యాభై ఏళ్ళ మనిషి. నుదుటి మీద రక్తం గడ్డకట్టింది. మోకాలి కింద ఎముక విరిగి పాదం పూర్తిగా తిరిగిపోయింది. "మనిషే అత్తా! కాలు విరిగింది!" అని అరిచాను. మోకాళ్ళ నొప్పుల నుంచి ఈమధ్యే తేరుకున్న మా అత్త నీళ్ళ సీసా పట్టుకుని, కూర్చుని జారుకుంటూ ఆ గట్టు దిగి వచ్చింది. ఫోన్‌కు సిగ్నల్ లేదు. ఇద్దరం బండి పక్కకు లాగి, డిక్కీలో ఉన్న గొడుగును కాలికి ఆసరాగా పెట్టి అత్త తువ్వాలుతో కట్టాం. నా భుజం మీద చెయ్యి వేసుకుని ఒంటి కాలితో అతను గట్టు ఎక్కాడు. అతన్ని వెనక సీట్లో పడుకోబెట్టాం. తల అత్త ఒళ్ళో. ఈసారి ఇంజన్ అందుకుంది. పాత పచ్చ దీపాలతోనే కారును మైదుకూరు వైపు తిప్పాను.

అతని పేరు జయరాజు. వదిన వాళ్ళ పల్లె పక్కనే అతని ఊరు. రోడ్డుకు ఇవతల రెండెకరాల మిరప చేను ఉంది. రాత్రి పూట కరెంటు ఇస్తారు కాబట్టి మోటరు వేయడానికి బయలుదేరాడు. కొంచెం నీళ్ళు తాగి తేరుకున్నాక అత్త ఉండబట్టలేక అడిగింది. "అంత నొప్పిలో ఉండి రెండు తూర్లు పిల్చి గమ్మునుంటివి యాలప్పా? ఇంగొక్క తూరి పిల్చింటే అప్పుడే వచ్చింటిమి గదా."

"రెండు తూర్లు పిల్చినా పలకలేదు గదమ్మా" అన్నాడు జయరాజు. "మనుషులైతే పలుకుతారు. రోడ్డు మీద తెల్లగా అంత వెల్తురు నిలబడుకోనుండాది. సప్పుడు ల్యాదు, మనిషి ల్యాడు. నాకు భయమేసింది. ఇంగో తూరి పిలిచ్చే అది నా కాడికి వచ్చాదేమోనని నోరు మూసుకున్నా. దెయ్యాలు ల్యావని మా చర్చిలో అయ్యగారు ప్రతి ఆదివారం చెప్తాడు. ఏమో, ప్రార్థన చేసుకుంటా గమ్మున పండుకున్నా."

అత్త కొంగుతో అతని నుదురు తుడిచింది. నాకు నవ్వు రాబోయి మధ్యలో ఆగిపోయింది. మేం పైన అతని మూడో పిలుపు కోసం, అతను కింద మా పలుకు కోసం, ఒకళ్ళకొకళ్ళం భయపడి నోళ్ళు కట్టేసుకుని ఉన్నాం. కొంచెం దూరం పోయాక అతనే మళ్ళీ అడిగాడు.

"మీకూ ఎదురొచ్చిందాప్పా అది? రెండు తెల్ల కండ్లు. కొట్టిందంటే రోడ్డే కనపల్యా. యాడ పోతాండానో తెలీకుండా వంకలోకి పోయినా. అది ఎల్లిపోయినాకనే మీరు వచ్చినట్టుండాది."

నేను ఊరుకుని ఉండొచ్చు. అతను కారెక్కేటప్పుడు కొత్త దీపాలు ఆరి ఉన్నాయి, వాటిని చూడలేదు. అత్త కూడా ఏమీ అనేది కాదు. ఆ క్షణం అబద్ధం ఎంత తేలికో నాకు బాగా తెలిసింది. "ఎదురు రాలేదు జయరాజన్నా. అది నా కారే. ఆ లైట్లు ఈ పొద్దు పొద్దున్నే పెట్టిచ్చినా" అన్నాను.

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మంచిదే" అన్నాడు చివరికి. "దెయ్యాన్నయితే ఏం అడుగుతా? నిన్నయితే అడుగుతా. ఈ రాత్రి నా చేన్లో మోటరు ఎయ్యల్ల. రెండు తడులు తప్పిపాయ. ఇంగో తడి తప్పితే పైరు నిలవదు. నేను లేసేదాకా నువ్వే చూసుకోవల్ల."

"చూసుకుంటా" అన్నాను.

మైదుకూరు ఆసుపత్రిలో కట్టు కట్టి, అంబులెన్సులో కడపకు పంపారు. అతని భార్య మార్తమ్మకు, లక్ష్మి వదిన భర్త శివన్నకు అక్కడి నుంచే ఫోన్ చేశాను. నాకు అన్న వరసైన శివన్న మార్తమ్మను బండి మీద తీసుకొచ్చాడు. ఆవిడకూ జరిగినది చెప్పాను. ఆవిడ నా మొహం చూడలేదు. అంబులెన్సు ఎక్కేముందు మాత్రం మోటరు తాళం నా చేతిలో పెట్టింది. ఆ రాత్రి శివన్నా నేనూ పోయి చేనుకు నీళ్ళు కట్టాం. వరసల మధ్య నీళ్ళు పారుతున్న చప్పుడు వింటుంటే ఆ రోజు మొదటిసారి ఊపిరి ఆడినట్టయింది.

మర్నాడు పొద్దున కడప పోయాం. మైదుకూరు నుంచి గంట లోపే. డాక్టర్లు కాలికి ఆపరేషన్ చేసి రాడ్ వేయాలన్నారు, కొన్ని నెలల్లో నడుస్తాడని చెప్పారు. కుంటు ఉంటుందా అని మార్తమ్మ అడిగితే ఇప్పుడే చెప్పలేమన్నారు. అత్త ఆసుపత్రి వరండాలో మార్తమ్మ పక్కనే కూర్చుంది. రోగిని లోపలికి తీసుకుపోయి, బయటికి తెచ్చేదాకా లేవలేదు. "దర్శనం టైమయిపోతాదత్తా" అంటే, "రాముడు యాటికీ పోడు" అన్నది. మధ్యాహ్నం దాటాక ఒంటిమిట్ట బయలుదేరాం. కడప నుంచి అరగంట ప్రయాణం. ఆ వేళప్పుడు జనం పలచగా ఉన్నారు, దర్శనం తొందరగానే అయింది. ఎత్తైన ఆ రాతి గోపురం నీడలో కూర్చుని అత్త కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఆ మనిషి ఆడ కాలిరిగి పడిండాడు. నేను వేళ్ళ మీద లెక్క పెట్టుకుంటాండా. నన్ను ఆ దేవుడు కూడా ఏమనల్యా చూడు" అన్నది. తప్పు నా దీపాలదని అంటే, ఆవిడ తల అడ్డంగా ఊపింది.

సాయంత్రం మళ్ళీ చేనుకు నీళ్ళు పెట్టాలి కాబట్టి పల్లెకు తిరిగొచ్చాం. పొద్దుగూకాక శివన్నకు కారు తాళాలిచ్చి, వెనక సీట్లో జొన్నల మూట, ఉల్లిగడ్డల మూట వేసి, నిన్న వచ్చినట్టే మైదుకూరు వైపు నుంచి రమ్మన్నాను. నేను మోరీ దగ్గర రోడ్డు దిగి మార్జిన్‌లో నిలబడ్డాను. జయరాజు బండి ఇంకా వంకలోనే ఉంది. గాలి నా వైపు నుంచి అటు వీస్తోంది. ఏ చప్పుడూ లేదు. ఉన్నట్టుండి మలుపులో రెండు తెల్ల కండ్లు వచ్చాయి. కారు లేదు, శివన్న లేడు, రోడ్డు లేదు. ఆ రెండే ఉన్నాయి, అవి నా మొహం ఎత్తున ఉన్నాయి. కింద చూస్తే నా కాళ్ళు నాకు కనిపించలేదు. అది నా కారని, నేనే పెట్టించిన దీపాలని, తోలుతున్నది శివన్నేనని నాకు తెలుసు. అంత తెలిసీ కాలు వెనక్కి పడింది, కంప ముల్లు చొక్కా పట్టుకుంది. "శివన్నా" అని పిలవబోయాను. గొంతు రాలేదు. కారు దాటిపోయాక కూడా చాలాసేపు నాకు చుట్టూ తెలుపు తప్ప ఏమీ కనిపించలేదు. చాగలమర్రి బజ్జీల ఆవిడ కుందేలు సంగతి చెప్పింది గానీ, కుందేలు ఏం చూస్తుందో చెప్పలేదు.

కర్నూలుకు తిరిగి రాగానే దీపాలు హెడ్‌లైటుకే కలిపించాను. ఇప్పుడు డిప్పు కొడితే అవి కూడా ఆరిపోతాయి. వెనక బరువుకు కారు ముక్కు లేచినా ఎదుటివాళ్ళ కళ్ళలో కొట్టకుండా వాటి చూపు రోడ్డు మీదికి దించి, పైన పసుపు కవర్లు వేయించాను. అసలు మీ కారుకు ఎలాంటి దీపాలు చట్టం ఒప్పుకుంటుందో ముందే కనుక్కోండి. మిగతా తడులు నా తరఫున శివన్న చూసుకున్నాడు. వారానికోసారి జయరాజుకు ఫోన్ చేస్తాను, అతను తన కాలు సంగతి కంటే మిరప సంగతే ఎక్కువ చెబుతాడు. మొదటి కోతకు నేను పోయి మూటలు మోశాను. అతను మంచం మీద కూర్చుని నన్ను గమనించాడు గానీ బాగా చేశావని అనలేదు. అనాలని నేను కోరుకోవడం కూడా తప్పే. సీమ రోడ్ల మీద చీకటి గురించి అందరూ కథలు చెబుతారు. ఆ కథల్లో దెయ్యంగా నేనూ ఒకసారి ఉన్నానని, ఒక మనిషి నన్ను చూసి దేవుణ్ణి తలుచుకున్నాడని తెలిశాక, చీకటంటే నాకు మునుపటి భయం లేదు, వేరే భయం ఉంది. దీపాలు పెట్టించుకునేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. బిగించిన సాయంత్రమే, ఎప్పుడూ ఎక్కించే బరువు కారులో ఎక్కించి, తాళాలు నమ్మకమైనవాళ్ళ చేతికివ్వండి. ఊరి బయట ఖాళీ రోడ్డు చూసుకుని, మార్జిన్ దిగి, మీరు నిలబడండి. మీ కారును మీకే ఎదురు రమ్మనండి.